నీ శక్తికి మించిన ప్రయాణం

"దేవుడు మోయలేనంత భారం ఎవరికీ పెట్టడు." కష్టాల్లో ఉన్న విశ్వాసి ఇంటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా ఈ మాట అనకుండా తిరిగి రారు. వాక్యం చెబుతున్నంత ధీమాగా అంటారు. ప్రేమతోనే అంటారు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ మాట బైబిల్లో ఎక్కడా లేదు. పైగా దానికి సరిగ్గా ఎదురు చెప్పే మాటలున్నాయి. ఈ ఓదార్పు కింద మనుషులు ఎలా నలిగిపోతున్నారో దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టి దీని గురించి కాస్త వివరంగానే రాయాలనిపించింది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మొదటి కొరింథీ పత్రిక 10వ అధ్యాయం 13వ వచనం. మనం సహించగలిగినంతకంటే ఎక్కువగా దేవుడు మనల్ని శోధింపబడనియ్యడని, శోధనతో పాటు తప్పించుకునే మార్గం కూడా కలుగజేస్తాడని పౌలు అక్కడ రాశాడు. దాని ముందు వచనాలు ఒకసారి చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు చెడ్డవాటిని ఆశించడం, విగ్రహాలకు మొక్కడం, వ్యభిచరించడం, ప్రభువును శోధించడం, సణగడం. పౌలు మాట్లాడుతున్నది వీటి గురించి. వెంటనే వచ్చే 14వ వచనం కూడా విగ్రహారాధనకు దూరంగా పారిపొమ్మనే చెబుతుంది. పాపంలోకి లాగే శోధన ఎదురైనప్పుడు "నాకు వేరే దారి లేకపోయింది" అనడానికి ఎవరికీ వీల్లేదని ఆయన ఉద్దేశం. మూత్రపిండాలు పాడైనవాడి గురించి గానీ, అప్పులో మునిగినవాడి గురించి గానీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి గానీ ఆ వచనం ఏమీ చెప్పడం లేదు.

భారం గురించి అదే పౌలు అదే సంఘానికి వేరేచోట రాశాడు. రెండో పత్రిక, మొదటి అధ్యాయం, 8వ వచనం. ఆసియలో తమకు కలిగిన శ్రమ గురించి చెబుతూ "మా శక్తికి మించిన అత్యధిక భారమువలన క్రుంగిపోతిమి" అన్నాడు. బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందన్నాడు. అపొస్తలుడే తన చేత్తో ఇలా రాసి పెట్టాక, శక్తికి మించిన భారం విశ్వాసికి రాదని మనం ఎలా అనగలం? ఆ తర్వాతి వచనం ఇంకా ముఖ్యమైనది. మా మీద మేము నమ్మకం పెట్టుకోకుండా, మృతులను లేపే దేవునిమీదే నమ్మకం ఉంచేలా ఇది జరిగింది అంటాడు. తన బలం సరిపోదని తేలిపోయిన చోటే ఆయన నమ్మకం దేవుని మీదికి పూర్తిగా మళ్ళింది.

ఇది మాటల పట్టింపులా కనిపించవచ్చు. కాదు. "నువ్వు మోయగలిగినంతే ఇస్తాడు" అని నమ్మిన మనిషి మోయలేక కూలబడితే ఏమనుకుంటాడు? తప్పు తనదే అనుకుంటాడు. దేవుడు సరిగ్గానే తూచి ఇచ్చాడు, నాకే విశ్వాసం చాల్లేదు, నాలోనే ఏదో దాచిన పాపం ఉంది అనుకుంటాడు. ముందు జబ్బు ఒక్కటే ఉండేది, ఇప్పుడు జబ్బుతో పాటు నేరభావన. ఆ తర్వాత ఎవరైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే "దేవుని కృప వల్ల బాగున్నాను" అని చెప్పి తప్పుకుంటాడు. చెప్పుకోగలిగిన ఒక్క చోటు కూడా మూసుకుపోతుంది.

ప్రవక్త ఏలీయా సంగతి చూడండి. మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో కర్మెలు పర్వతం మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది. మూడేళ్ళ కరువు తర్వాత వాన కురిసింది. అంతకంటే గొప్ప జవాబు ఏ ప్రార్థనకు వచ్చింది? 19వ అధ్యాయానికి వచ్చేసరికి అదే మనిషి రాణి యెజెబెలు బెదిరింపు విని ప్రాణభయంతో పరుగెత్తాడు. అరణ్యంలో ఒక రోజు ప్రయాణమంత దూరం పోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో ప్రభువా అని నిద్రపోయాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. నిన్నగాక మొన్న అగ్ని చూశావు కదా, ఇంత అవిశ్వాసమా అని నిలదీయలేదు. దూత వచ్చి తట్టి లేపాడు. తలదగ్గర నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళబుడ్డి. ఏలీయా తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. పడుకోనిచ్చారు. రెండోసారి లేపినప్పుడు దూత అన్నమాట ఇది: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది."

దేవుని దూతే అన్నాడు, శక్తికి మించినదని. నువ్వు నడవగలవులే అనలేదు. నీ వల్ల కాదు కాబట్టి ముందు తిను అన్నాడు. బైబిలంతటిలో అలసిపోయినవాడికి ఇంతకంటే దయగా చెప్పిన మాట నాకైతే కనిపించలేదు. హోరేబు పర్వతం చేరాక కూడా ఏలీయా తన గోడు వెళ్ళబోసుకున్నాడు, ఒకసారి కాదు, అదే గోడు అదే మాటల్లో రెండుసార్లు. దేవుడు రెండుసార్లూ విన్నాడు. ఆ తర్వాత పని అప్పగించాడు, దానితో పాటు ఎలీషాను చూపించాడు. ఒక తోడు మనిషిని ఇచ్చాడు.

చాలామందికి ఏలీయా లాంటి పెద్ద ఘట్టాలేవీ ఉండవు. ఒకటో తేదీకి కట్టాల్సిన కిస్తీ ఉంటుంది. ఏళ్ళ తరబడి రాని ఉద్యోగం, తాగి వచ్చే భర్త, మాట్లాడని కొడుకు, మంచంలో ఉన్న ముసలి తల్లి ఉంటారు. ఎర్ర సముద్రం ఒక్కసారే పాయలై విడిపోయింది. ఈ కష్టాలు మాత్రం రోజూ పొద్దున్నే లేచి మన కంటే ముందు కూర్చుని ఉంటాయి. విశ్వాసం గురించి మాట్లాడితే ఈ మామూలు రోజుల గురించే మాట్లాడాలని నా పట్టుదల.

మా అన్నయ్యకు మూత్రపిండాలు పాడై డయాలసిస్ జరుగుతోంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఎడమ ముంజేతిలో రెండు లావాటి సూదులు గుచ్చుతారు. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్‌లోకి పోయి, శుద్ధై, రెండో దానిలోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. లోపలికి వెళ్ళేముందు బరువు చూస్తారు, బయటికొచ్చాక మళ్ళీ చూస్తారు. మధ్యలో పెరిగిన బరువంతా తాగిన నీళ్ళే. అందుకే మా వదిన ఒక నోట్‌బుక్కు పెట్టుకుంది. మాత్రతో తాగిన గుక్కెడు కూడా అందులో మిల్లీలీటర్లలో ఎక్కుతుంది. నాలుగో గంటకు చేరువయ్యేసరికి ఒక్కోసారి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. వదిన లేచి పాదాన్ని గట్టిగా వెనక్కి వంచి పట్టుకుంటుంది, పట్టు వదిలేదాకా. ఆ పూట ఇంటికొచ్చాక అన్నయ్య మాట్లాడడు, నిద్రపోతాడు. మర్నాడు కాస్త తేరుకుంటాడు. ఆ మర్నాడు మళ్ళీ సూదులు.

ఈ కథకు "చివరికి దేవుడు అద్భుతం చేశాడు" అన్న ముగింపు ఇంకా రాలేదు. మూత్రపిండ మార్పిడి కోసం పేరు నమోదైంది, ఎదురుచూస్తున్నాం. ఒకరోజు మిషన్ దగ్గర కూర్చుని ఉండగా అన్నయ్య నాతో అన్నాడు: "అందరూ నా కోసం ప్రార్థన చేస్తారురా, వద్దనను. కానీ నాకు భయమేస్తోందని చెబితే మాత్రం ఎవరూ చెప్పనివ్వరు. మాట పూర్తవకముందే వచనం అందుకుంటారు."

ఏం ప్రార్థిస్తావు అన్నయ్యా అని అడిగాను. స్వస్థత కోసం రాత్రిళ్ళు ప్రార్థిస్తాడట. సూదులు గుచ్చే ముందు మాత్రం వేరే ప్రార్థన. "ప్రభువా, ఈ నాలుగు గంటలు." అంతే. వచ్చే నెల గురించి, వచ్చే ఏడాది గురించి అప్పుడు ఒక్క మాట కూడా అడగడు. ఎందుకంటే అడిగితే భయం పెరుగుతుందన్నాడు.

ఆ ప్రార్థనలో విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిర్గమకాండం 16వ అధ్యాయంలో అరణ్యంలోని ఇశ్రాయేలీయులకు ఆహారంగా మన్నా కురిసిన పద్ధతి అచ్చం ఇదే. తలకు ఒక ఓమెరు (ఆనాటి కొలత), ఏ రోజుది ఆ రోజే. రేపటికి దాచుకున్నవాళ్ళది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినం కోసం ఆరో రోజున మాత్రం రెండింతలు. అలా నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళలో ఏ రాత్రీ వాళ్ళ గుడారంలో రేపటి తిండి లేదు, ఆ ఒక్క రాత్రి తప్ప. అయినా ఏ ఉదయమూ పస్తు లేదు. యేసు ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా అడగమన్నది అనుదినాహారమే, అదీ నేటికి. మనకు మాత్రం దేవుడు పదేళ్ళ సరఫరా ముందే గిడ్డంగిలో నింపి తాళంచెవి చేతికిస్తే గానీ నమ్మకం కుదరదు. తాళంచెవి చేతిలో ఉన్నాక నమ్మాల్సిన అవసరం ఏముంది?

జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ హిట్లర్‌ను ఎదిరించినవాళ్ళలో ఒకడు. 1942 చివర్లో తన సహచరుల కోసం రాసుకున్న ఒక వ్యాసంలో ఆయన ఇదే సంగతి చెప్పాడు: కష్టకాలంలో కావలసినంత బలం దేవుడు ఇస్తాడు, కానీ ముందుగా ఇవ్వడు, ఇస్తే మనం ఆయన మీద కాక మన మీదే ఆధారపడతాం అని. అది రాసిన కొన్ని నెలలకే, 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఉరితీశారు. ఆ మాట రాసేటప్పుడు ఉరికి సరిపడా బలం ఆయన దగ్గర లేదు, ఆయన లెక్క ప్రకారమే. రాబోయే ఏడాదిని తలచుకుని "నేను తట్టుకోలేను" అనిపించేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఈ రాత్రి మీ దగ్గర ఉన్నది ఈ రాత్రికి ఇచ్చిన బలం. వచ్చే ఏడాదిది ఇంకా చేతికి రాలేదు కాబట్టి వచ్చే ఏడాది అసాధ్యంగా కనిపించడంలో వింతేమీ లేదు.

అలాగని రేపటి ఏర్పాట్లు చేసుకోవద్దని కాదు. యోసేపు రాబోయే కరువు కోసం ఏడేళ్ళు ధాన్యం కూడబెట్టాడు. యెరూషలేము గోడ కడుతున్న నెహెమ్యా మనుషులు ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్ళు కాపలా కూడా పెట్టారు. పౌలు పక్కన లూకా అనే వైద్యుడు ఉన్నాడు. మందులు మానేస్తేనే విశ్వాసం అనేవాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు. వాళ్ళ మాట విని మందులు మానకండి, అంతే.

ఇంకో వచనం గురించి కూడా చెప్పాలి, కష్టాల్లో ఉన్నవాళ్ళకు అందరూ చేతిలో పెట్టేది అదే కాబట్టి. యిర్మీయా 29:11. మీకు మేలు చేసే ఉద్దేశాలే గాని హానికరమైనవి కావని, నిరీక్షణ గల అంతం మీకు ఇస్తానని దేవుడు చెప్పిన మాట. నాకూ ప్రాణమైన వచనమే. ఐతే అది ఒక ఉత్తరంలోని వాక్యం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. దాని పై వచనంలోనే గడువు ఉంది: డెబ్బై ఏళ్ళు. ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది తిరిగి ఇంటి మొహం చూడరని దాని అర్థం. అప్పటికే హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో ప్రకటించాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుంది? యిర్మీయా కూడా ఆ మాట విని "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు. ఆయనకూ అలా జరగాలనే ఉంది. కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు.

హనన్యా రెండేళ్ళన్నాడు, యిర్మీయా డెబ్బై అన్నాడు. అబద్ధం ఎప్పుడూ తక్కువ గడువే ఇస్తుంది. ఈ నెలలోనే మీ అప్పు తీరిపోతుంది, ఈ వారంలోనే మీ రోగం పోతుంది, ఈ కానుక విత్తనంగా వేయండి నూరంతలు పంట వస్తుంది అని చెప్పే ప్రతి గొంతులో నాకు హనన్యా వినిపిస్తాడు. యిర్మీయా ఉత్తరం ఏం చెయ్యమంది? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంది. చెరలోనే! విడుదలయ్యాక బతుకుదామని ఆగవద్దంది. డయాలసిస్ అయిన మర్నాడు అన్నయ్య తన కూతురికి లెక్కలు చెబుతాడు. నా దృష్టిలో 29:11ను నమ్మడం అంటే అదే.

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆయన వాక్యం బాగా తెలిసిన మనిషి, ప్రశ్న కూడా న్యాయమైనదే. "భారంగా ఉంది, భయంగా ఉంది అని చెప్పుకోవడం సణుగుడు కాదా? సణిగినవాళ్ళు అరణ్యంలో రాలిపోయారు కదా?" అన్నారు.

రాలిపోయారు, నిజమే. కానీ వాళ్ళు ఏం చేశారో చూద్దాం. కీర్తన 106 వాళ్ళ గురించి చెబుతూ గుడారాల్లో సణుక్కున్నారంటుంది. గుడారాల్లో, అంటే ఒకరితో ఒకరు, దేవునికి వీపు పెట్టి. సంఖ్యాకాండం 14లో నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగి వెళ్ళిపోదాం అన్నారు. దేవుని గురించి మాట్లాడారు గానీ దేవునితో మాట్లాడలేదు. కీర్తనకారుడు మాట్లాడింది దేవునితోనే, ఎంత కఠినంగా మాట్లాడినా సరే. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లో నాలుగుసార్లు ఒకటే ప్రశ్న, ఎన్నాళ్ళు ప్రభువా అని. 88వ కీర్తన ఇంకా ముందుకు వెళ్ళింది. మిగతా మొరల్లో చాలావాటిలో చివరికి ఎక్కడో ఒక స్తుతి వాక్యం వస్తుంది. అందులో అదీ రాదు. నా స్నేహితులను నాకు దూరం చేశావు, చీకటే నాకు మిగిలింది అన్న మాటతో ఆగిపోతుంది. దానికి ఇంకో వచనం కలిపి సరిచేద్దామని ఎవరూ అనుకోలేదు. అలాగే ఆరాధనలో పాడుకోవడానికి ఇచ్చారు, కోరహు కుమారుల కీర్తన అని పేరు కూడా పెట్టారు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు ఇలాంటి మొరలే. సణుగుడూ మొరా ఒకటే ఐతే బైబిల్లోంచి అన్ని పేజీలు చింపేయాలి.

హన్నా గుర్తుందా? మందిరంలో బిడ్డ కోసం పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. బాధను చూసి వేరే ఏదో అనుకోవడం మందిరంలో ఈనాటిది కాదు. ఏలీ తర్వాతైనా ఆమె చెప్పింది విన్నాడు, సమాధానంగా వెళ్ళమని దీవించాడు. యోబు స్నేహితులు మాత్రం వినలేదు. మొదటి ఏడు రోజులు నేలమీద నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక దేవుణ్ణి సమర్థిస్తూ అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు ఎవరి పక్షం మాట్లాడాడు? నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని ఆ స్నేహితుల మీదే కోపపడ్డాడు. యోబు అన్న మాటలు ఒకసారి చదవండి, పుట్టిన దినాన్నే శపించుకున్నాడు. ఐనా వాళ్ళ దైవభక్తి మాటలకంటే ఇతని గోడే సరైనదని తీర్పు వచ్చింది.

విశ్వాసికి కుంగుబాటు రాదని ఇప్పటికీ బోధించేవాళ్ళున్నారు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్ ప్రసంగాలను తలకెత్తుకునేవాళ్ళలో కూడా ఉన్నారు. 1856 అక్టోబర్ 19న లండన్‌లో ఆయన ప్రసంగిస్తున్న హాలులో ఎవరో నిప్పు అంటుకుందని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు. ఆ దెబ్బ నుంచి ఆయన మనసు ఎన్నడూ పూర్తిగా కోలుకోలేదు. తనకు తరచూ వచ్చే మనోవ్యథ గురించి తన దగ్గర సేవకు తర్ఫీదు పొందే విద్యార్థులకు దాచకుండా చెప్పాడు, సేవకులు సొమ్మసిల్లే వేళల మీద ఏకంగా ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. 1892లో చనిపోయాడు, అంతకు కొన్ని నెలల ముందుదాకా ప్రసంగిస్తూనే ఉన్నాడు, కుంగుతూనే ఉన్నాడు. ఆయన విశ్వాసంలో లోపం ఉందని ఎవరైనా అంటారా?

"ఐతే స్వస్థత కోసం అడగొద్దా? అడుగుడి మీకియ్యబడును అన్నాడు కదా ప్రభువు?" అడగాలి. నేను అడుగుతున్నాను, రోజూ. పెద్దలను పిలిపించి నూనె రాసి ప్రార్థన చేయించమని యాకోబు రాసినట్టే చేయించాం కూడా. దేవుడు బాగుచేయగలడనే నమ్ముతున్నాను. కానీ బాగుచేస్తేనే నమ్మకం, చేయకపోతే నా నమ్మకంలోనే లోపం అన్న లెక్కను మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే అపొస్తలులే ఆ లెక్కలో ఇమడరు.

అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం తీయండి. రెండో వచనంలో హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును (పత్రిక రాసిన యాకోబు వేరు) ఖడ్గంతో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును చెరసాల నుంచి దూత బయటికి నడిపించాడు. ఒకే సంఘం, ఒకే రాజు, ఇద్దరూ ప్రభువుతో తిరిగినవాళ్ళే. పేతురు తప్పించుకున్నాడు, యాకోబు ప్రాణం పోయింది. ఎందుకో ఆ అధ్యాయం వివరించదు. యాకోబుకు విశ్వాసం తగ్గిందని గానీ అతనికోసం ప్రార్థన చాల్లేదని గానీ ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క ముక్క రాయలేదు.

పౌలుతో కలిసి ప్రయాణించిన త్రోఫిము ఎఫెసువాడు. ఆ ఎఫెసులోనే పౌలు ఒంటికి తగిలిన చేతిరుమాళ్ళు తీసుకెళ్ళి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని అదే పుస్తకం 19వ అధ్యాయంలో ఉంది. అదే పౌలు తన చివరి పత్రికలో తిమోతికి రాస్తూ "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అన్నాడు. చేతిరుమాళ్ళతో ఊరివాళ్ళ రోగాలు పోయాయి, పక్కనే నడిచిన స్నేహితుణ్ణి జబ్బుతో వదిలి రావలసి వచ్చింది. తిమోతికేమో తరచూ వచ్చే బలహీనతలు, కడుపు జబ్బు. పౌలుకే శరీరంలో ముల్లు, తీసేయమని మూడుసార్లు వేడుకున్నా తీయలేదు, నా కృప నీకు చాలును అన్న జవాబు వచ్చింది. గెత్సేమనే తోటలో ప్రభువు కూడా మూడుసార్లు ప్రార్థించాడు, శ్రమల గిన్నె తొలగిపోలేదు. ఆ రాత్రి ఆయన తన ముగ్గురు శిష్యులతో దాచకుండా చెప్పాడు, నా ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగి ఉందని. నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. దేవుని కుమారుడే పక్కన మనుషులు కావాలని అడిగితే, అన్నయ్య అడగకూడదా?

నేను నమ్మేది ఇది. దేవుని మీద నమ్మకం అంటే నా కష్టం ఎలా ముగుస్తుందో నాకు తెలుసు అనడం కాదు. నాకు చేతకావడం లేదని ఆయనతో చెప్పగలగడం, ఆయనతో చెబుతూనే ఉండడం, ఆయన ఇచ్చిన ఈ పూట బలంతో ఈ పూట పని చేసుకోవడం. మార్కు 9లో ఒక తండ్రి, చిన్నప్పటి నుంచీ మూగదయ్యం పట్టి బాధపడుతున్న కొడుకును తెచ్చి, నమ్ముతున్నాను, నాకు అపనమ్మకం ఉండకుండా సహాయం చెయ్యి అని కేకవేశాడు. రెండూ ఒకే ఊపిరిలో. ముందు నీ అపనమ్మకం సంగతి తేల్చుకుని రా అని ప్రభువు అతన్ని పంపలేదు.

ఇదంతా వ్యక్తుల సంగతి మాత్రమే కాదు, సంఘం సంగతి కూడా. మన సాక్ష్యాల సమయంలో లేచి నిలబడేది ఎవరు? రోగం పోయినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు. అవి విని నేను కూడా మనసారా స్తుతిస్తాను. కానీ హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం 35వ వచనాన్ని మనం సగంలో ఆపేస్తున్నాం. స్త్రీలు మృతులైన తమవారిని పునరుత్థానంతో తిరిగి పొందారు, అది మొదటి సగం. కొందరైతే యాతన పెట్టబడ్డారు, అది అదే వచనంలో రెండో సగం. తిరస్కారాలు, కొరడా దెబ్బలు, బంధకాలు, గొర్రెచర్మాలు కప్పుకుని గుహల్లో తిరిగినవాళ్ళు, ఆ తర్వాత వస్తారు. 39వ వచనం వాళ్ళందరినీ కలిపి విశ్వాసం ద్వారా సాక్ష్యం పొందినవారే అంటుంది, వాగ్దానఫలం చేతికి రాకపోయినా. ఆ రెండో సగం మనుషులు మన బల్లల మీదే కూర్చుని ఉన్నారు. ముగింపు రాలేదు కాబట్టి వాళ్ళకు మైకు అందదు.

మా సంఘపెద్దలతో ఈ సంగతి మాట్లాడాను. ఇంకా కష్టం మధ్యలోనే ఉన్నవాళ్ళు కూడా సాక్ష్యం చెప్పవచ్చని ఒప్పుకున్నారు. చెప్పినప్పుడు వెంటనే ఎవరూ సరిదిద్దకూడదని, వాగ్దాన వచనం అందించే తొందర పెట్టుకోకూడదని కూడా అనుకున్నాం. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి మొదలైంది. డయాలసిస్ నాలుగు గంటలూ అన్నయ్య పక్కన కూర్చోవడానికి సంఘంలోంచి వంతులు వేసుకున్నారు, ఆ వేళలో వదిన ఇంట్లో నిద్రపోవచ్చని. పిక్క పట్టేస్తే పాదం ఎలా వంచి పట్టుకోవాలో వదినే వచ్చినవాళ్ళకు నేర్పిస్తోంది. మంగళవారానికి, శనివారానికి మనుషులు దొరికారు. గురువారానికి ఇంకా ఒకరు కావాలి.